ఆరోగ్య శాస్త్రములలో పరిశోధన పట్టము: గ్రామమునకు దానితో పని యేమి?

శ్రీ సత్యసాయి జిల్లాలో కర్ణాటక సరిహద్దును ఆనుకొనియున్న మండలము అగళి. అచ్చటి వారికి మడకశిర ఎంత దగ్గరయో, సరిహద్దునకు ఆవలనున్న శిరా పట్టణమును ఇంచుమించు అంతే దగ్గర. కన్నడము, తెలుగు రెండును అచ్చటి వారి నోట సమానముగా పలుకును. ఆ మండలమున మేము పర్యటించుచుండగా, ఒక సాయంకాలము రచ్చకట్ట మీద పంచాయతీ సభ్యులతో కూర్చుండుట తటస్థించినది. త్రాగునీరు, వీధి దీపములు, వేరుసెనగ ధర అను విషయములన్నియు ముగిసిన పిమ్మట ఒక వార్డు సభ్యుడు మమ్ము ప్రక్కకు పిలిచి ఇట్లు అడిగినారు:

"నా కూతురు బి.ఎస్‌సి. నర్సింగు చదివింది సార్. ఇంకా రెండేండ్లు ఏదో రీసెర్చి చదువు చదువుతాదంట. చదివినాక డాక్టరు కాదంట, మందు చీటీ రాసేది లేదంట. మరి ఏమవుతాది సార్?"

ఆ ప్రశ్నకు మేము వెంటనే సరియైన సమాధానము చెప్పలేకపోతిమి. పథకములను గూర్చి అడిగిన గడగడ చెప్పగల మాకు, ఈ తండ్రి అడిగినది క్రొత్త ప్రశ్న. ఆయన కుమార్తెను పిలిపించి, ఆమె ఏమి చదువదలచినదో అడిగితిమి. ఆమె తండ్రి వైపు తిరిగి చెప్పిన మాట ఇది:

"మన ఊళ్లో గర్భిణీలకు ఇచ్చే ఇనుము మాత్రలు మింగేవాళ్లు ఎందరు, పారేసేవాళ్లు ఎందరు, ఎందుకు పారేస్తాండారు, ఇది చూడాలని నాకుంది నాయనా."

ఈ వ్యాసము ఆ తండ్రికి మేము ఆలస్యముగా చెప్పుచున్న సమాధానము. అట్టి ప్రశ్న ఇతర గ్రామముల పంచాయతీ సభ్యులకును ఎదురు కాగలదు గనుక దీనిని ఇచ్చట ప్రచురించుచున్నాము.

ముందుగా ఆ చదువు ఏమో చెప్పుదము. వైద్యుడు తన యెదుట కూర్చున్న ఒక రోగిని చూచును. ఈ చదువు చదివినవారు వేయి మందిలో ఆ రోగము ఎందరికి వచ్చినది, ఎవరికి రాలేదు, ఏల రాలేదు అని చూతురు. ఎం.పి.హెచ్. అనబడు ప్రజారోగ్య స్నాతకోత్తర పట్టము, పోషకాహార శాస్త్రమున ఎం.ఎస్‌సి., నర్సింగులో ఎం.ఎస్‌సి. ఇట్టివి. సాధారణముగా రెండేండ్ల కాలము. మొదటి సంవత్సరమున లెక్కలు కట్టు పద్ధతులు, వ్యాధి వ్యాపించు తీరు, పరిశోధన నియమములు నేర్పుదురు. రెండవ సంవత్సరమున విద్యార్థి స్వయముగా ఒక ప్రశ్నను ఎంచుకొని, దానికి సమాధానము వెదకి, పరిశోధన వ్యాసము వ్రాసి పరీక్షకుల యెదుట సమర్థించుకొనవలెను. ఈ చదువునకు ఆ వ్యాసమే ప్రాణము.

మందు చీటీ వ్రాయనివారు ఏమగుదురను ప్రశ్నకు తెలుగువారికి ఒక గొప్ప సమాధానము కలదు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసు వైద్య కళాశాలలో చదివినారు. ఖద్దరు ధరించినందున ఆయనకు ఎం.బి.బి.ఎస్. బదులు అంతకంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టము మాత్రమే లభించినది. 1923లో అమెరికా చేరి హార్వర్డు విశ్వవిద్యాలయమున చదువుచు, పొట్ట గడచుటకు ఆసుపత్రిలో రాత్రివేళల నౌకరుగా పనిచేసినారు. 1930లో డాక్టరేటు పొందినారు. పిమ్మట ఆయన జీవితమంతయు ప్రయోగశాలలోనే గడచినది. లెడర్లే సంస్థలో ఆయన నాయకత్వమున పనిచేసిన బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారు చేసినది. బోదకాలునకు నేటికిని ఇంటింట మ్రింగించుచున్న డి.ఇ.సి. మాత్రయు ఆ ప్రయోగశాల నుండి వచ్చినదే. 1948లో ఆయన మరణించినారు. అగళిలో ఆ యువతి చెప్పిన ఇనుము మాత్ర ఉన్నది గదా, దానిలో ఇనుముతో పాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లము కూడ ఉండును. భీమవరపు బిడ్డ పరిశోధన ఫలము నేడు అగళి ఆరోగ్య ఉపకేంద్రపు అలమారలో ఉన్నదన్నమాట.

అయితే మాత్ర అలమారకు చేరుట వేరు, కడుపులోనికి చేరుట వేరు. ఆ రెంటి నడుమనున్న దూరమును కొలుచుటయే ఆ యువతి కోరిక. 2019-21 సంవత్సరములలో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 58.8 మందికి రక్తహీనత కలదు. గర్భిణీకి దినమునకు ఒకటి చొప్పున ఆరు నెలలు, కాన్పు తరువాత మరి ఆరు నెలలు మాత్ర ఇచ్చుట నియమము. మాత్రలు ఉన్నవి, పంచువారు ఉన్నారు, అయినను రక్తహీనత తగ్గుట లేదు. ఏల?

ఈ "ఏల" అను మాటకు రచ్చకట్ట మీద పది సమాధానములు సిద్ధముగా ఉండును. మాత్ర మ్రింగిన వాంతి వచ్చునని ఒకరు, మలము నల్లగా పోవునని ఒకరు, బిడ్డ లావై కాన్పు కష్టమగునని అత్తగారు వద్దన్నదని ఒకరు, అసలు మాత్రలే సక్రమముగా రావని ఒకరు చెప్పుదురు. ఇవన్నియు నిజములు కావచ్చును. కాని పదిటిలో ఏది పెద్దది? అత్తగారి భయమే ప్రధాన కారణమైన అత్తగార్లతో మాటలాడవలెను. సరఫరాయే కారణమైన పైకి లేఖ వ్రాయవలెను. రోగము ఒకటి, మందు మరొకటి అయినచో పంచాయతీ తీర్మానము కాగితముననే మిగులును. కారణములకు తూకము వేయుటయే పరిశోధన.

తూకము వేయుటకు నియమములు కలవు. మొదట, ఈ ప్రశ్నను లోగడ ఎవరెవరు అడిగిరో, ఏమి కనుగొనిరో చదువవలెను. తదుపరి, ఎందరిని అడుగవలెనో లెక్క కట్టవలెను. అందరిని అడుగుట సాధ్యము కాదు. మన ఇండ్లలో అన్నము ఉడికినదో లేదో ఒక మెతుకు పట్టి చూచుట వాడుక. కాని పొయ్యి మంట ఒక ప్రక్కనే ఎగసిన కుండలో ఒక ప్రక్క మెత్తబడి, మరియొక ప్రక్క బిరుసుగా ఉండును. గ్రామము అట్టి కుండ. బస్సు నిలుచుచోట నున్న ఇండ్లను మాత్రము అడిగివచ్చిన, దూరపు కాలనీ సంగతి తెలియదు. ఆసుపత్రికి వచ్చినవారిని మాత్రము అడిగిన, రానివారి సంగతి తెలియదు. కనుక గ్రామములోని గర్భిణీలందరి పేర్లు వ్రాసి, చీటీలు వేసి, చీటీలో వచ్చినవారినే అడుగవలెను. వారి ఇల్లు ఎంత దూరమైనను పోవలెను, ఒకమారు తలుపు వేసియున్న మరల పోవలెను. తెలిసిన ఇల్లని, మంచినీళ్లు ఇచ్చు ఇల్లని ఎంచుకొనరాదు.

అడుగు విధమునకును నియమము కలదు. "మాత్రలు మ్రింగుచున్నావా అమ్మా?" అని నర్సమ్మ అడిగిన "మ్రింగుచున్నాను" అనియే ఎవరైనను చెప్పుదురు. అందువలన మిగిలిన మాత్రల అట్టలను లెక్కించుట, హీమోగ్లోబిన్ కొలుచుట మొదలగు ఉపాయములు వాడుదురు. గర్భిణీకి డెసిలీటరు రక్తమునకు 11 గ్రాములకంటె తక్కువ హీమోగ్లోబిన్ ఉన్న రక్తహీనతగా ఎంచుదురు. అగళి వంటి చోట ప్రశ్నల కాగితము తెలుగున మాత్రమే కాక కన్నడమునను ఉండవలెను. లేనిచో "తలతిరుగుడు" అను ఒక్క మాట ఇద్దరికి రెండు విధములుగా అర్థమై లెక్క తప్పిపోవును.

మాత్ర మ్రింగినను ఫలము లేకపోవుటకు ఆహారము కారణము కావచ్చును. రాగి ముద్ద తినువారు ఆ ప్రాంతమున పెక్కుమంది. నూరు గ్రాముల రాగులలో ఇంచుమించు 350 మిల్లీగ్రాముల కాల్షియము ఉండును. వరిబియ్యమున ఉండునది దానిలో స్వల్ప భాగము. ఇది రాగికి గొప్ప సుగుణము. కాని రాగిలోని ఫైటేటులు, టానిన్ల వంటి పదార్థములు ఇనుము ఒంటికి పట్టుటను కొంత అడ్డగించును. భోజనముతో పాటు త్రాగెడు టీ కూడ అట్లే చేయును. నిమ్మ, ఉసిరి వంటి పుల్లనివి ఇనుము పట్టుటకు తోడ్పడును. మాత్రను ఏ వేళ, దేనితో మ్రింగుచున్నారన్నది కూడ ఆమె అడుగవలసిన ప్రశ్నయే. ముద్ద మానుమని మేము చెప్పుచున్నామని ఎవరును అనుకొనవలదు.

ఇట్టి చిన్న ప్రశ్నలవలన ఏమి ఒరిగినదని అడుగవచ్చును. మన తెలుగు గ్రామములలోనే ఒరిగినది. నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో కొన్ని పల్లెలలో నడివయసు వారికే వెన్ను బిగిసి, కీళ్లు కదలక మంచమెక్కుట కలదు. కర్మమనిరి, వాతమనిరి. షార్ట్ అను వైద్య పరిశోధకుడును ఆయన తోటివారును ఆ పల్లెల బావుల నీటిని, జనుల ఎముకలను పరీక్షించి, నీటిలోని ఫ్లోరైడు దానికి కారణమని 1937లో ప్రకటించినారు. ఎముకలను వంచు ఫ్లోరోసిస్ వ్యాధిని గూర్చి భారతదేశమున వెలువడిన తొలి పరిశోధనలు అవియే. పిమ్మట నల్లగొండ జిల్లాలో మోకాళ్లు లోనికి వంగిన యువకులను గూర్చి హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు 1973లో ప్రకటించినారు. పటిక, సున్నము, బ్లీచింగు పొడి కలిపి నీటిలోని ఫ్లోరైడును తగ్గించు పద్ధతిని నాగపూరులోని నీరీ సంస్థవారు రూపొందించగా దానికి నల్లగొండ పద్ధతి అనియే పేరు వచ్చినది. నేడు లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము మించరాదు, వేరు ఆధారము లేనిచోట 1.5 వరకు సహింపవచ్చును అని ప్రమాణము కలదు. అనంతపురము ప్రాంతపు బోరుబావులలో పలుచోట్ల ఫ్లోరైడు హెచ్చుగా ఉన్నదన్న విషయము మన సభ్యులకు తెలిసినదే. ఇచ్చట మా వృత్తిని గూర్చి ఒక మాట. నీటిని కాచి త్రాగుడని ప్రచార పత్రములలో మేము ఎన్నో మార్లు వ్రాసితిమి. క్రిములకు అది సరియైన మాటయే. ఫ్లోరైడునకు మాత్రము అది పనికిరాదు. నీరు ఆవిరియై పోగా మిగిలిన నీటిలో ఫ్లోరైడు మరింత చిక్కబడును. ఏ నీటికి ఏ మాట చెప్పవలెనో పరీక్షించినవారే చెప్పగలరు.

పోషకాహార సంస్థ చరిత్రయు చిన్న ప్రశ్నతోనే మొదలైనది. 1918లో నీలగిరులలోని కూనూరున మెకారిసన్ అను వైద్యుడు బెరిబెరి వ్యాధిని పరిశీలించుటకు ఒక గదిలో ప్రారంభించిన పని అది. 1958లో ఆ పరిశోధనాలయము హైదరాబాదునకు తరలివచ్చినది, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అను పేరు పొందినది. హైదరాబాదునకు వచ్చిన క్రొత్తలోనే గోపాలన్, శ్రీకంఠయ్య అను శాస్త్రజ్ఞులు జొన్న అన్నమే ప్రధానముగా తినువారిలో చర్మము నల్లబడి పగులు పెల్లాగ్రా వ్యాధిని గమనించి, జొన్నలో అధికముగా నున్న లూసిన్ అను పదార్థము దానికి కారణము కావచ్చునని 1960లో వ్రాసినారు. ఆ సిద్ధాంతముపై తరువాత చాల వాదోపవాదములు జరిగినవి. శాస్త్రమున అది సహజము. తప్పైనను ఒప్పైనను, జొన్న తినువాని పళ్లెము ప్రపంచ శాస్త్రజ్ఞుల చర్చకు వచ్చుట దానివలననే.

పంచాయతీ సభ్యులకు మిక్కిలి ఉపయోగపడు పరిశోధన మరియొకటి కలదు. 1987 నుండి 1990 వరకు హైదరాబాదు సమీపమున 29 గ్రామములలో అది మొదలైనది. వాటిలో 15 గ్రామములకు అంగన్‌వాడీ పథకము వచ్చినది, గర్భిణీలకును ఆరేండ్లలోపు పిల్లలకును దినదినము వండిన ఆహారము పెట్టినారు. మిగిలిన 14 గ్రామములకు పథకము అప్పటికి చేరలేదు. పదునైదేండ్ల తరువాత, 2003-05 నడుమ, ఆ పిల్లలను వెదకి 1,165 మందిని మరల పరీక్షించినారు. అప్పటికి వారి వయస్సు 13 నుండి 18. అంగన్‌వాడీ తిండి తిన్న గ్రామముల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు హెచ్చు పొడవుగా నుండిరి. అంతకంటె ముఖ్యము, మధుమేహమునకు దారితీయు ఇన్సులిన్ నిరోధము వారిలో నూటికి 20 వంతులు తక్కువగా నుండెను. ఈ ఫలితములు 2008లో బ్రిటిషు వైద్య పత్రికలో ప్రకటితమైనవి. అంగన్‌వాడీ పళ్లెమును కేవలము పొట్ట నింపు తిండిగా చూచువారు ఈ లెక్కను గుర్తుంచుకొనదగును. పదునైదేండ్ల పిమ్మట ఆ పిల్లలను వెదకుటకు పాత జాబితాలు దొరకుటవలననే ఇది సాధ్యమైనది.

జాబితా అనగానే పంచాయతీ కార్యాలయపు జనన మరణ రిజిస్టరు జ్ఞప్తికి వచ్చును. 1969 నాటి చట్టము ప్రకారము జనన మరణములను నమోదు చేయుట విధి, గ్రామమున రిజిస్ట్రారు పంచాయతీ కార్యదర్శియే. మరణ కారణమను గడిలో "వృద్ధాప్యము" అనియో "గుండె ఆగినది" అనియో వ్రాసి ముగించుట పరిపాటి. గుండె ఆగకుండ మరణించువారు ఎవరు? 2003-04లో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల 45 గ్రామములలో ఒక పరిశోధన బృందము వేరొక పని చేసినది. ఒక సంవత్సరమున మరణించిన 1,354 మంది ఇండ్లకు ఆరోగ్య కార్యకర్తలు వెళ్లి, చివరి దినములలో ఏ బాధ కలిగినది, ఎన్ని దినములు, జ్వరము ఉండెనా, ఆయాసము ఉండెనా అని బంధువులను విచారించినారు. ఆ వివరములను చూచి వైద్యులు కారణము నిర్ణయించినారు. నూటికి 32 మరణములు గుండె, రక్తనాళముల వ్యాధులవలన జరిగినట్లును, అంటువ్యాధుల మరణములు నూటికి 12 మాత్రమే అనియు తేలినది. పల్లెలలో గుండెజబ్బు ధనవంతుల జబ్బనియు, జనము చచ్చునది జ్వరములతోననియు అందరును తలంచుచున్న కాలమది. ఆ తరువాత పల్లె ఉపకేంద్రములలో రక్తపోటు చూచుటకు ప్రాధాన్యము హెచ్చినది. మన మండలములలో ఎవరు దేనితో మరణించుచున్నారో తెలిసికొనుటకు ఒక విద్యార్థి రెండేండ్ల వ్యాసము చాలును, రిజిస్టరు సరిగా ఉన్న యెడల.

దగ్గరలోనే మరియొక ఉదాహరణము కలదు. ధర్మవరమునకు సమీపమునగల బత్తలపల్లిలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు ఆసుపత్రివారు తమయొద్దకు వచ్చు హెచ్.ఐ.వి. రోగుల వివరములను ఏండ్ల తరబడి క్రమముగా భద్రపరచి, వాటిపై అనేక పరిశోధన వ్యాసములను అంతర్జాతీయ వైద్య పత్రికలలో ప్రకటించినారు. పరిశోధన ఢిల్లీలోనో అమెరికాలోనో జరుగు పని అనుకొనువారికి బత్తలపల్లి సమాధానము చెప్పును.

ఇంతవరకు పరిశోధన మేలును చెప్పితిమి. రెండవ వైపును చెప్పక విడిచిన మేము ప్రచారకులము మాత్రమే అగుదుము. పరిశోధన పేరున మీ గ్రామమునకు వచ్చువారు అందరును ఒకే విధముగా నడచుకొందురని లేదు. 2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మము జిల్లాలో గర్భాశయ ముఖద్వారపు క్యాన్సరును నివారించు టీకాపై ఒక ప్రదర్శన అధ్యయనము జరిగినది. 10 నుండి 14 ఏండ్ల బాలికలు సుమారు 14,000 మందికి టీకాలు వేసినారు. వారిలో చాలమంది గిరిజన బాలికలు, హాస్టళ్లలో చదువుచున్నవారు. కొందరు బాలికల మరణ వార్తలు రాగా 2010 ఏప్రిలులో అధ్యయనమును నిలిపివేసినారు. ఆ మరణములకు టీకా కారణము కాదని విచారణ సంఘము తేల్చినది. ఆ టీకా నేడు అనేక దేశములలో క్యాన్సరును తగ్గించుచున్నది. అయినను విచారణలో బయటపడిన విషయము మరువరానిది. పరిశీలించిన 9,543 సమ్మతి పత్రములలో 2,763 పత్రములపై తల్లిదండ్రులకు బదులుగా హాస్టలు వార్డెనులే సంతకములు చేసినారు. పార్లమెంటు స్థాయీ సంఘము 2013లో తన నివేదికలో దీనిని తీవ్రముగా విమర్శించినది.

కనుక విద్యార్థి ఎవరైనను రక్తము తీయుటకో ప్రశ్నలు అడుగుటకో వచ్చినపుడు పంచాయతీవారు మర్యాదగా కూర్చుండబెట్టి కొన్ని సంగతులు అడుగవలెను. నీ ప్రశ్న ఏమి, ఏ సంస్థ నుండి వచ్చితివి, నీకు మార్గదర్శకుడెవరు, ఎథిక్స్ కమిటీ అనబడు నైతిక పరిశీలన సంఘము ఇచ్చిన అనుమతి పత్రమేది? భారత వైద్య పరిశోధన మండలి 2017లో ప్రకటించిన నియమముల ప్రకారము ఈ అనుమతి లేక మనుష్యులపై పరిశోధన మొదలుపెట్టరాదు. గ్రామ పెద్దల అనుమతి ఉన్నను, అది ఒక్కొక్కరి స్వంత సమ్మతికి బదులు కానేరదు. సర్పంచి తలయూపినంత మాత్రమున కాలనీలోని స్త్రీ చేయి చాపనక్కరలేదు. చదువురానివారికి కాగితమును చదివి వినిపించి, పరిశోధనతో సంబంధము లేని సాక్షి యెదుట వేలిముద్ర తీసికొనవలెను. పదునెనిమిది ఏండ్లలోపు వారికి తల్లిదండ్రుల సమ్మతి కావలెను. ఏడేండ్లు దాటిన పిల్లల ఇష్టమును కూడ అడుగవలెను. వద్దనువారికి ఆసుపత్రిలో వైద్యము ఆగరాదు. మధ్యలో మానుకొనుటకును హక్కు కలదు.

వీటన్నిటికంటె మేము గట్టిగా చెప్పదలచినది వేరొకటి. ఫలితమును గ్రామమునకు తిరిగి చెప్పవలెనని ముందుగానే మాట తీసికొనుడు. రక్తము ఇచ్చిన స్త్రీకి ఆమె హీమోగ్లోబిన్ ఎంతయో ఆ దినముననే చెప్పవలెను, తక్కువైన ఆసుపత్రికి పంపవలెను. వ్యాసము ముగిసిన తరువాత దాని సారమును రెండు పుటలలో తెలుగున వ్రాసి గ్రామసభలో చదువవలెను. ఒక గ్రామమున వృద్ధురాలొకతె మాతో, "వస్తారు నాయనా, నెత్తురు తీసుకుంటారు, పోతారు. ఆ నెత్తురు ఏం చెప్పిందో మాకు ఎవురూ చెప్పల్యా" అన్నది. ఆమెకు మేము బదులు చెప్పలేదు.

పంచాయతీ చేయగల సాయమును చాల కలదు. సర్పంచి అధ్యక్షతన గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార సంఘము ఉన్నది. దానికి ఏటేట పదివేల రూపాయల నిధి నియమింపబడినది. ఆ సంఘపు సమావేశమున విద్యార్థిని పిలిచి మాటలాడించిన, ఆశా కార్యకర్తను తోడుగా పంపిన, పంచాయతీ కార్యాలయమున ఒక గది ఇచ్చిన, పని సగము సులభమగును. ప్రశ్నను పంచాయతీయే ఇచ్చుట మరింత మేలు. మా ఊరి పట్టుపురుగుల పెంపకపు షెడ్లలో పనిచేయువారికి దగ్గు, ఆయాసము ఏల వచ్చుచున్నవి? మా బోరు నీటిలో ఫ్లోరైడు ఎంత, మా బడిపిల్లల పళ్లపై మచ్చలు ఎన్ని? ఇవి విద్యార్థులు వెదకుకొను ప్రశ్నలే. విశ్వవిద్యాలయమునకు ఒక లేఖ వ్రాయుటకు తపాలా ఖర్చు తప్ప వేరు వ్యయము లేదు.

ఇక అగళి సభ్యుని లౌకిక ప్రశ్నకు వత్తుము. ఎచ్చట చదువవలెను, ఎంత అగును, ఏ ఉద్యోగము వచ్చును? 1986లో స్థాపింపబడిన విజయవాడ ఆరోగ్య విశ్వవిద్యాలయము క్రింది కళాశాలలలో ఎం.ఎస్‌సి. నర్సింగు కలదు. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయమున ఎం.పి.హెచ్., జాతీయ పోషకాహార సంస్థలో అప్లైడ్ న్యూట్రిషన్ ఎం.ఎస్‌సి. కలవు. అగళి వారికి విజయవాడ కంటె బెంగళూరు మిక్కిలి దగ్గర. అచ్చటి నిమ్‌హాన్స్ సంస్థలోను ప్రజారోగ్య పట్టము చదువవచ్చును. ఎం.పి.హెచ్. నకు వైద్యులే కానక్కరలేదు, నర్సింగు మొదలైన ఇతర పట్టములు కలవారిని కూడ పెక్కు సంస్థలు చేర్చుకొనును. ప్రతి సంస్థ ప్రకటనను ప్రత్యేకముగా చదువుకొనవలెను. ప్రభుత్వ సంస్థలలో రుసుము ప్రైవేటు సంస్థలకంటె చాల తక్కువ గనుక ముందు వాటికే దరఖాస్తు పెట్టుట మంచిది. షెడ్యూల్డు కులముల, తెగల విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ ఉపకారవేతనములు కలవు. కుల, ఆదాయ ధ్రువపత్రములను ప్రవేశపు తేదీలకు ముందే సిద్ధము చేసికొనవలెను. మరియొక హెచ్చరిక: ఎం.ఫిల్. అను పట్టమును విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2022 నిబంధనలతో నిలిపివేసినది. మానసిక ఆరోగ్యమునకు చెందిన రెండు కోర్సులకు మాత్రము 2025-26 విద్యాసంవత్సరము వరకు గడువు ఇచ్చినది. ఎం.ఫిల్. ఇచ్చెదమని ఎవరైన రుసుము అడిగిన, కట్టుటకు ముందు విచారింపుడు.

ఉద్యోగముల సంగతి దాచి చెప్పుట మాకు ఇష్టము లేదు. జిల్లా వ్యాధి పర్యవేక్షణ విభాగములలో, ఆరోగ్య పథకములలో, వైద్య పరిశోధన మండలి ప్రాజెక్టులలో, నర్సింగు కళాశాలలలో బోధకులుగా, స్వచ్ఛంద సంస్థలలో పని దొరకును. వీటిలో పెక్కు ఒప్పందపు ఉద్యోగములు. రెండేండ్లకో మూడేండ్లకో మరల వెదకుకొనవలసి వచ్చును. ఆసుపత్రి నర్సుగా వెంటనే చేరిన వచ్చు జీతమును రెండేండ్లు వదలుకొనవలెను. పెండ్లి ఆలస్యమగునను దిగులు ఇంటివారికి ఉండును. ఈ దిగుళ్లను తేలికగా తీసివేయదగదు, కుటుంబము ఒకచోట కూర్చుండి లెక్క చూచుకొనవలసినదే. పై చదువునకు, బోధనకు ఈ పట్టము మెట్టు అగుననునది ఆ లెక్కలో రెండవ వైపున వేయవలసినది.

మేము ఈ సంగతులను అగళి సభ్యునికి కొన్ని ఆనాడును, కొన్ని తరువాత ఫోనులోను చెప్పితిమి. ఆయన చాలసేపు ఏమియు అనలేదు. చివరకు, మాత్రలు పారవేయువారి ఇండ్లకు తన కూతురు పోయిన వారు నిజము చెప్పుదురా అని అడిగినారు. అట్టల లెక్క సంగతి చెప్పితిమి. "అయితే మా ఇంట్లోనే మొదలుపెట్టమని చెప్తా సార్, మా పెద్ద కోడలు దగ్గర" అని నవ్వి, ఆదాయ ధ్రువపత్రము ఎన్ని దినములలో వచ్చునో కనుగొని చెప్పుమని మమ్ము కోరినారు.